తెల్లగా వదిలేసిన గడి

మా నాయన ఆత్మకూరు బజారులో కిరాణా కొట్టు నడిపేవాడు. పక్క కొట్లవాళ్లు లైట్లు వేసుకుని సాయంత్రపు గిరాకీ కోసం కాచుక్కూర్చుంటే, ఆయన మాత్రం ఎండ గోడ దిగుతుండగానే షట్టరు లాగేసి, తాళం రెండుసార్లు ఊపి చూసుకుని, తల వంచుకుని ఇంటిదారి పట్టేవాడు. దీపం పెట్టే వేళకు దేవుడి ముందు కూర్చోవాలని ఆయనకు నియమమని బజారంతా చెప్పుకునేది. ఆ పేరును మా నాయన ఏనాడూ కాదనలేదు. నిజానికి ఆయన దేవుడి గదిలోకి వెళ్లేది పండగలప్పుడే. పొద్దు గూకితే ఆయనకు కళ్లు కనబడవు, అంతే.

రేచీకటి అనే మాట మా ఇంట్లో ఎవరూ అనగా నేను వినలేదు. తాతకు ఉంది, పెదనాయనకు ఉంది, కలువాయిలో ఉన్న చిన్నతాతకు ఉంది. అడిగితే ఎవరికీ లేదు. ఒకాయనకు సాయంత్రమైతే తలనొప్పి. ఒకాయనకు మోకాలు పట్టేస్తుంది. ఇంకొకాయనకు ఎవరింటికీ వెళ్లడం ఇష్టం ఉండదు. మా వాళ్లలో పెళ్లిచూపులు ఎప్పుడూ పొద్దున పూటే జరిగేవి, ఎవరన్నా అడిగితే ముహూర్తం మీదికి తోసేవాళ్లు. ఆడవాళ్లకు ఈ జబ్బు రాదని కూడా అనుకునేవాళ్లం. వాళ్లు ఇల్లు కదలకుండా, గడప ఎక్కడుందో, గిన్నె ఎక్కడుందో చేతులకు నేర్పుకున్నారని, అందుకే ఎవరికీ అనుమానం రాలేదని నాకు చాలా తర్వాత తెలిసింది.

కళ్లు బాగున్న ఆడవాళ్లకు మాత్రం మా ఇంట్లో ఒక పని ఉండేది. సాయంత్రం బయటికి వెళితే మొగుళ్లను తిట్టడం. మా అమ్మ నాలుగడుగులు ముందు నడుస్తూ, వెనక్కి తిరక్కుండా, వీధంతా వినపడేలా తిట్టేది. "ఏందా నడక? ఎడం పక్క రాయి ఉండాది, కనపళ్లా? మెట్టు, మెట్టు! కాలెత్తు! బర్రె అడ్డం ఉండాది, ఆగు కాస్త!" సంగంలో ఒక పెళ్లికి పోయి వస్తుంటే బస్టాండులో ఒకాయన మా నాయన వైపు జాలిగా చూసి, ఇంత గయ్యాళిని ఎట్టా కట్టుకున్నావయ్యా అన్నాడు. మా నాయన నవ్వి ఊరుకున్నాడు. పదేళ్ల నాకు మా అమ్మ మీద ఒళ్లు మండిపోయింది. నాయనను అంతమందిలో అన్ని మాటలు అంటుందేమిటని ఆ రోజంతా ఆమెతో మాట్లాడలేదు.

నాకు పద్నాలుగేళ్లప్పుడు ఒక సాయంత్రం స్కూలు గ్రౌండులో బంతి నా కాళ్ల పక్కనే పడింది. అందరూ అరుస్తున్నారు, అదుగో అదుగో అని. నేను గడ్డిలో చేతులతో తడుముతున్నాను. ఎవడో వచ్చి నా కాలి కింది నుంచి బంతి తీసుకుని, "గుడ్డోడా" అని నవ్వి పోయాడు. ఆ సంగతి ఇంట్లో ఎవరు చెప్పారో తెలియదు. ఆ మరుసటి వారం అమ్మతో కలిసి బజారు నుంచి వస్తుంటే, ఆమె ఉన్నట్టుండి నాలుగడుగులు ముందుకు వెళ్లి, "దిక్కులు చూడబాక, ముందర గుంత ఉండాది, పక్కకు రా" అని గట్టిగా కసిరింది. నా ఒంట్లో ఏముందో నాకు అలా తెలిసింది. ఇద్దరం ఆ విషయం మాట్లాడుకోలేదు. ఆ రోజు నుంచి ఆమె నన్ను కూడా తిట్టడం మొదలుపెట్టింది.

దాచడం నేర్చుకోవడం పెద్ద కష్టమేం కాదు. సినిమాకు వెళితే లైట్లు ఆర్పక ముందే సీట్లో కూర్చోవాలి. గుంపులో ఎప్పుడూ రెండోవాడిగా నడవాలి. సాయంత్రం ఎవరన్నా బండి నడపమంటే చెయ్యి నొప్పి అనాలి. ఫోన్లలో టార్చి వచ్చాక నా పని ఇంకా సులువైంది. పగలు నా చూపుకు వంక పెట్టేవాళ్లు లేరు, సూదిలో దారం కూడా ఎక్కించేవాణ్ని. హైదరాబాదులో ఎమ్మెస్సీ అయ్యాక జన్యువుల మీద పనిచేసే ఒక పరిశోధన సంస్థలో చేరితే, అక్కడ ఫొటోలు తీసే చీకటి గది ఒకటి నన్ను కొంచెం ఇబ్బంది పెట్టింది. నా పక్క బల్ల మీద పనిచేసే అమ్మాయితో, "నువ్వు లోపలికెళ్లి తియ్యి, నేను బయట రాసుకుంటా" అనేవాణ్ని. నేను పెద్దమనిషినని, పేరంతా తనకే రానిస్తున్నానని ఆ అమ్మాయి అనుకుంది.

మా సారు చూపు పోయే జబ్బులకు కారణమైన జన్యువులను వెతుకుతున్నారు. రేచీకటి ఉన్న పెద్ద కుటుంబం ఒకటి దొరికితే బాగుండునని ఒకరోజు మీటింగులో అన్నారు. నేను చెయ్యెత్తి, "మా బంధువుల్లో ఉంది సార్" అన్నాను. బంధువుల్లో అన్నాను. నాకు, మా నాయనకు, మా తాతకు అని అనలేదు.

సారు నా కుటుంబం గురించి అడిగిన కొద్దీ సంతోషపడ్డారు. మా అమ్మ మా నాయనకు స్వయానా అక్క కూతురు. మా తాత పెళ్లాడింది మేనమామ కూతుర్ని. మా వాళ్లలో పెళ్లంటే పక్కింటి అమ్మాయి ఈ ఇంటికి మారడమే, పెద్ద తేడా ఏమీ ఉండదు. మనిషి ఒంట్లో ఇరవై మూడు జతల క్రోమోజోములు ఉంటాయి, ప్రతి జతలో ఒకటి తండ్రిది, ఒకటి తల్లిది. మాలాంటి ఇళ్లలో ఏ ముత్తాత దగ్గరో ఉన్న ఒక ముక్క, తండ్రి వైపు నుంచీ తల్లి వైపు నుంచీ తిరిగి తిరిగి వచ్చి ఒకే బిడ్డలో కలుస్తుంది. జబ్బున్న వాళ్లందరిలోనూ రెండు పక్కలా ఒకేలా ఉండి, జబ్బు లేనివాళ్లలో ఎవరికీ అలా లేని ముక్క ఎక్కడుందో పట్టుకుంటే, చెడిపోయిన జన్యువు ఉండేది అక్కడే. అప్పటికే తెలిసిన జన్యువులను ముందు చూస్తారు. అవేవీ కాకపోతే ఇలా కొత్తగా చోటు వెతకాలి.

మా వాళ్లను కూడగట్టింది నేను కాదు, మా అక్క. పెదనాయన కూతురు. చిన్నప్పుడు ఎండాకాలం సెలవులన్నీ నేను ఆమె చంకలోనే గడిపానని మా అమ్మ అంటుంది. ఆమెను ఉదయగిరిలో ఉన్న మా చిన్న మేనత్త కొడుక్కే ఇచ్చారు. పెళ్లైన చాలా ఏళ్లకు ఒక ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్ల ఎనిమిదేళ్లు రాకముందే సాయంత్రాలు గోడ పట్టుకుని నడవడం మొదలుపెట్టింది. నేను ఫోన్ చేసి రక్తం శాంపిళ్లు కావాలని చెప్పినప్పుడు అక్క అడిగిన మొదటి మాట, "దీంతో నాకేమన్నా తెలస్తాదా?" అని.

తెలుస్తుందని చెప్పాను. అక్కకు అప్పటికి ముప్పై నాలుగేళ్లు. ఇంకొక బిడ్డ కావాలని ఉంది, భయంగానూ ఉంది. నలుగురిలో ఒకరికి వచ్చే వీలుందని నెల్లూరులో డాక్టరు చెప్పాడట. "నాకు లాటరీ వద్దురా, ఖాయంగా చెప్పేవాళ్లు కావాల" అంది. జన్యువు ఎక్కడుందో తెలిస్తే, బిడ్డ కడుపులో ఉన్నప్పుడే చూసి చెప్పగలరని నేను చెప్పాను. చూసి ఏం చేస్తావని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. అప్పటిదాకా ఆగుతానని మాత్రం అంది.

ఆమె వరికుంటపాడుకు, కలువాయికి, సంగానికి ఫోన్ల మీద ఫోన్లు చేసింది. రానని మొండికేసిన వాళ్ల ఇంటికి బస్సెక్కి వెళ్లి మరీ ఒప్పించింది. రెండు రోజులు ఉదయగిరిలో వాళ్ల ఇంట్లోనే క్యాంపు. మాతో వచ్చిన కంటి డాక్టరు లోపలి గది కిటికీలకు దుప్పట్లు కట్టించి, ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి పరీక్ష చేస్తున్నారు. నేను బయట బల్ల వేసుకుని పేర్లు రాసుకుంటూ, రక్తం తీయిస్తూ, వంశవృక్షం గీస్తున్నాను. మగవాళ్లకు చదరపు గడి, ఆడవాళ్లకు సున్నా. జబ్బుంటే నల్లగా నింపాలి. లేకపోతే తెల్లగా వదిలేయాలి.

డెబ్బై దాటిన మా పెదనాయన వచ్చి నా బల్ల ముందు కుర్చీలో కూర్చున్నాడు. గుమ్మంలోకి వచ్చిన డాక్టరు అడగక ముందే, నలభై మంది చుట్టాల ముందు, "నాకు చిన్నప్పటి నుంచీ సాయంత్రం అయితే కనపడదు సార్. మోకాలి నొప్పి అని చెప్తా ఉండా ఇన్నాళ్లూ" అన్నాడు. అని, భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఆయన్ను చూసి కలువాయి చిన్నతాత చెప్పాడు. మా నాయన చెప్పాడు. ఎన్నడూ నోరు తెరవని ఇద్దరు అవ్వలు, మాకు కూడా అంతే అన్నారు. పెదనాయన చేత ఆ మాట అనిపించడానికి అక్క మూడు రోజులు ఆయన కాళ్ల దగ్గర కూర్చుందని తర్వాత తెలిసింది. నేను ఒక్కొక్క గడే నల్లగా నింపుతూ కూర్చున్నాను.

రెండో రోజు మధ్యాహ్నం జాబితా చివరికి వచ్చింది. ఇరవై ఏడో శాంపిలు నాది. రక్తం ఇచ్చాను. డాక్టరు చేతులు కడుక్కుంటూ, "నీ కళ్లు ఎప్పుడు చూద్దాం?" అన్నారు.

"హైదరాబాదులోనే చేయించుకున్నాను సార్. నార్మల్."

అంత తేలిగ్గా వచ్చింది ఆ మాట. పక్కనే ఉన్న మా నాయన కూడా, "మా వాడికి అట్టాంటిదేం లేదు సార్" అన్నాడు. తన జబ్బును అప్పుడే అందరి ముందు ఒప్పుకున్న మనిషి, నా విషయంలో మాత్రం పాత పాటే పాడాడు. అప్పుడు నెల్లూరు నుంచి నాకొక సంబంధం వచ్చి ఉంది. అది మూడు నెలల్లోనే వేరే కారణంతో తప్పిపోయింది. ఏ సంబంధం కోసం అబద్ధమాడానో అది పోయింది, అబద్ధం మాత్రం ఉండిపోయింది. ఇది ఒక్కటే కారణమని చెబితే అది ఇంకో అబద్ధమవుతుంది. నన్ను ఈ పని నుంచి తీసేస్తారనే భయం ఉంది. అన్నిటికంటే ఎక్కువగా, బల్లకు ఇవతల కూర్చుని వాళ్ల పేర్లు రాసుకునేవాణ్ని నేను, అవతల కుర్చీలో నేను కూర్చోవడమేమిటి అనే గర్వం ఉంది. నా గడిని తెల్లగా వదిలేశాను.

టీ తాగేటప్పుడు అక్క, ఇంత రక్తంలో ఏం వెతుకుతారని అడిగింది. నేను ఆమెకు తెలిసిన బస్సు సంగతితో చెప్పాను. "నెల్లూరులో బస్సెక్కినప్పుడు సంచి నీ ఒళ్లో ఉందనుకో. ఆత్మకూరులో దిగితే లేదు. సంగం దగ్గర ఉందని ఒకరు చూసి చెప్పారనుకో, అప్పుడు సంగానికీ ఆత్మకూరుకీ మధ్య వెతికితే చాలు కదా. ఇన్ని రక్తాలు అలా ఒక్కొక్కటీ కొంచెం కొంచెం చోటు తగ్గిస్తాయి."

ఆమె గ్లాసు రెండు చేతుల మధ్య తిప్పింది. "చూసినోళ్లలో ఒకరు అబద్ధం చెప్తేనో?"

"ఎందుకు చెప్తారక్కా? ఎవరికేం లాభం?" అని నవ్వాను.

ఆమె నా మొహం చూసి, సరేలే అంది. అప్పటికే చీకటి పడుతోంది. మా జీపు వీధి చివర ఉంది. మధ్యలో మురుగు కాలువ, దాని మీద ఒక రాతిబండ. నేను పెట్టెలు సర్దుకుని బయల్దేరేసరికి అక్క గబగబా నాలుగడుగులు ముందుకు నడిచింది. "కాలవ మీద బండ ఉండాది, మధ్యలో కాలెయ్యి. అట్ట ఊగబాకరా, తాగినట్టు. ఎద్దుబండి ఉండాది కుడి పక్క." నాతో వచ్చినవాళ్లు నవ్వారు. మీ అక్క చాలా స్ట్రిక్టు అన్నారు. ఆ తిట్లు ఏమిటో నాకు అర్థం కాలేదని చెప్పను. అర్థమైంది. అర్థం కానట్టు ఉండడం మా ఇంటి మగవాళ్లకు వెన్నతో పెట్టిన విద్య.

తెలిసిన జన్యువులేవీ మా వాళ్లలో చెడిపోలేదని ముందు తేలింది. తర్వాత అందరి క్రోమోజోములూ వరసగా కంప్యూటరులో పోల్చారు. ఒకచోట జబ్బున్న వాళ్లందరికీ రెండు పక్కలా ఒకే ముక్క కనిపించింది. అది ఎన్నో నంబరు క్రోమోజోమో ఇక్కడ రాయను, మా ఇంటి అడ్రసు రాసినట్టు ఉంటుంది. నా తోటి అమ్మాయి ఎగిరి గంతేసినంత పని చేసింది. సారు కళ్లజోడు పైకి తోసుకుని తెర మీదికి వంగారు.

"ఇరవై ఏడు ఎవరు? జబ్బు లేని మనిషికి కూడా రెండు పక్కలా అదే ముక్క ఉంది. అంటే జబ్బు దీనివల్ల కాదు. ఇది తీసెయ్యి."

శాంపిళ్ల మీద నంబర్లే ఉంటాయి. ఏ నంబరు ఎవరిదో తెలిపే జాబితా నా సొరుగులో ఉంది. నేను అక్కడే, సారు భుజం వెనకే నిలబడి ఉన్నాను. నోరు తెరిస్తే ఒక్క మాట. ఆ అమ్మాయి ఒక మీట నొక్కింది. ఆ ముక్క తెర మీద నుంచి మాయమైంది.

మిగిలిన వాటిలో కాస్త ఆశ పుట్టించే చోటు ఇంకొకటి ఉంటే దాన్ని పట్టుకున్నారు. అందులో ఉన్న జన్యువులను ఒకదాని తర్వాత ఒకటి ఆ అమ్మాయి చదివింది. ఒకటి అయ్యాక ఇంకొకటి. అక్కడ ఏమీ లేదని ప్రపంచంలో తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. అయినా ఆమెకు సాయం చేశాను, గొట్టాలు కడిగాను, ఫలితం రానప్పుడల్లా ఓదార్చాను. ఇది రాస్తుంటే ఇప్పుడు కూడా నా మీద నాకే అసహ్యం వేస్తోంది. రెండేళ్లు దాటింది. మధ్యాహ్నం తనకు టీ తెచ్చుకునేటప్పుడు నాకూ ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టేది ఆ అమ్మాయి.

అక్క మొదట్లో నెలకోసారి ఫోన్ చేసేది. "ఏమన్నా తెలిసినాదా?" ఇంకా లేదక్కా. "పని జరగతా ఉండాదా?" జరుగుతోందక్కా. పిల్ల స్కూల్లో సాయంత్రం ఆటలకు పోవడం మానేసిందని ఒకసారి చెప్పింది. నా క్లాసులో నాకొక్కదానికే ఎందుకిట్టా అని ఏడుస్తోందట. తర్వాత ఫోన్లు రెండు నెలలకోసారి అయ్యాయి. ఆ తర్వాత ఆగిపోయాయి. ఆగినందుకు నాకు హాయిగా అనిపించింది. అన్నిటికంటే సిగ్గుపడాల్సింది ఇక్కడేనని నాకు తెలుసు, అందుకే దాచకుండా రాస్తున్నాను.

ఆ అమ్మాయి ఫెలోషిప్పు గడువు అయిపోయింది. చేతిలో ఒక్క ఫలితం లేదు. చివరి రోజు బల్ల తుడిచి, తన పేరు రాసిన సీసాలన్నీ పారేసి, నా దగ్గరికి వచ్చింది. "మీ వాళ్లందరూ అంత నమ్మకంగా రక్తం ఇచ్చారు. నా చేత కాలేదు. మీ అక్కగారికి సారీ చెప్పండి" అంది. తన కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను తల ఊపాను.

మరుసటి రోజు పొద్దున సారు గదికి వెళ్లి చెప్పేశాను. ఎంత సేపు చెప్పానో గుర్తులేదు. ఇరవై ఏడు నేనే సార్, నాకు చిన్నప్పటి నుంచీ ఉంది సార్, అని రెండు మూడుసార్లు అన్నట్టున్నాను. ఆయన అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. బీరువాలోంచి మా వంశవృక్షం కాగితం తీసి, బల్ల మీద పరిచి, నల్ల పెన్ను నా వైపు తోశారు. "నువ్వే నింపు" అన్నారు. చిన్న గడి. నింపడానికి పది సెకన్లు పట్టింది. ఆయన నా ఎదుటే కంప్యూటరు దగ్గర కూర్చుని లెక్క మళ్లీ వేశారు. టీ చల్లారేలోపు వచ్చేసింది. రెండేళ్ల కింద మేము తీసి పారేసిన ముక్కే.

"ఇకమీద ఈ పనిలో నువ్వు ఉండవు. ఈ కుటుంబంలో మాత్రం ఉంటావు" అన్నారు సారు. ఆ అమ్మాయికి తనే ఫోన్ చేసి వెనక్కి రమ్మంటానన్నారు. నేను కూడా ఆమెకు ఫోన్ చేశాను. మొత్తం విని, ఫోన్ పెట్టేసింది. తర్వాత నాలుగు నెలల్లో ఆ ముక్కలో చెడిపోయిన జన్యువును పట్టుకుంది ఆమే. నాకు ఆ కబురు వేరేవాళ్లు చెప్పారు.

కబురు తెలిసిన వారమే ఉదయగిరి బస్సెక్కాను. కొండ మీది నుంచి ఎండ దిగుతున్న వేళకు అక్క వాళ్ల ఇంటికి చేరాను. పంచలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. బావ కొట్లో ఉన్నాడు. పిల్ల లోపల చదువుకుంటోంది, పొడుగైంది, పదకొండో ఏడు. నేను మంచినీళ్లు తాగి, కాళ్లు కడుక్కునే ఓపిక కూడా లేనట్టు మొదలుపెట్టాను.

"దొరికిందక్కా. చోటు దొరికింది, జన్యువు కూడా దొరికింది. ఇప్పుడు నువ్వు కావాలంటే ఖాయంగా చెప్పగలరు."

ఆమె చేతులు ఆగలేదు. ఒక గింజ తీసి పక్కన వేసి, "నేను ఆపరేషన్ చేయించుకున్నా రా. పోయిన శ్రావణంలోనే" అంది.

నాకు వెంటనే తలకెక్కలేదు. ఏ ఆపరేషన్ అన్నాను, తెలివితక్కువగా.

"పిల్లలు పుట్టకుండా. ఆత్మకూరులో. మీ బావ వద్దన్నాడు. నేనే పోయినా. ముప్పై ఏడొచ్చినాయి, ఇంకెన్నాళ్లు క్యాలండరు చూసుకుంటా కూర్చునేది? నువ్వేమో ఇంకా లేదు, ఇంకా లేదు అంటివి. అంత చదువుకున్నోళ్లకే దొరకలేదంటే ఇంక దొరకదు అనుకున్నా." ఇంకో గింజ తీసి, "పుడితే మగబిడ్డ అనుకున్నా లే" అంది, చింతపండు వైపే చూస్తూ.

ఆ క్షణంలో నేను లేచి వచ్చేసి ఉంటే, ఆలస్యం సైన్సుదని ఆమె అనుకునేది. ఆ ఆలోచన నాకు వచ్చింది కూడా. చీకటి పడుతోంది, ఆమె మొహం అప్పటికే నాకు సరిగా ఆనడం లేదు, అందువల్లనేమో చెప్పగలిగాను. నా గడిని తెల్లగా వదిలేసిన సంగతి, దానివల్ల సరైన చోటును తీసి పారేసిన సంగతి, రెండేళ్లు చూస్తూ ఊరుకున్న సంగతి. మొత్తం చెప్పాను. గింజలు పడే చప్పుడు ఆగిపోయింది.

"నీకు కనపడదని నాకు తెలవదా?" అంది. "పదిహేనేండ్ల నాడే మీ అమ్మ నిన్ను తిడతా ఉంటే విన్నా. ఇంటి మగోళ్లు అప్పటిదాకా ఎవరు చెప్పినారు, నువ్వు చెప్పడానికి? సంబంధం వచ్చి ఉండాది, పది మందిలో చెప్పుకోలేకపోయినాడు, పోనీలే అనుకున్నా." చాటను పక్కకు నెట్టింది. "మనుషులకు చెప్పకపోయినా కాయితానికి చెప్పుంటావు అనుకున్నా రా. ఆ రోజు నిన్ను అడిగినా గదా, అబద్ధం చెప్తే ఏమైతాదని. నవ్వినావు. నవ్వినాడు గదా, అందులో నిజమే రాసుకోని ఉంటాడు అనుకున్నా."

తప్పైంది అక్కా అన్నాను. ఆ మాట ఎంత చిన్నదో అంటున్నప్పుడే తెలుస్తోంది. ఆమె లేచింది. చింతపండు చాటను లోపల పెట్టి వచ్చి, "ఆఖరి బస్సు పోతాది, లెయ్యి" అంది. అన్నం తినమనలేదు. ఆ ఇంటికి వెళ్లి అన్నం తినకుండా వచ్చింది నా బతుకులో అదొక్కసారే.

పిల్ల కూడా వస్తానంది. వీధి దీపం ఒకటి వెలుగుతోంది, ఒకటి లేదు. అక్క మాకంటే నాలుగడుగులు ముందు నడుస్తోంది. నేను, పిల్ల వెనక. పిల్ల అలవాటుగా నా చెయ్యి పట్టుకుంది. "గట్టిగా పట్టుకో మామా, నాకు కనపడదు" అంది.

"నాకూ కనపడదమ్మా" అన్నాను.

పిల్ల ఆగిపోయింది. "నీకా? నీకు కూడానా? ఎప్పటి నుంచి?"

"నీ అంత ఉన్నప్పటి నుంచి."

"మరి నాకెందుకు చెప్పలా?" చెయ్యి వదలకుండా, కోపంగా అడిగింది. "నాకొక్కదానికే అనుకుంటా ఉండా ఇన్నాళ్లూ. తాతలకే వస్తాది, చిన్నోళ్లలో నాకే వచ్చింది అనుకున్నా. నువ్వు ఎన్నిసార్లు ఇంటికొచ్చినావు, ఒక్కసారన్నా చెప్పొచ్చు గదా?"

సారు ముందు నాకు మాటలు దొరికాయి. అక్క ముందు కూడా ఎలాగో దొరికాయి. ఆ పిల్లకు చెప్పడానికి ఒక్క మాట దొరకలేదు. ముందర ఎక్కడో అక్క నడక ఆగింది. ఆమె మొత్తం విన్నదని తెలుస్తోంది. నేను ఆమె గొంతు కోసం ఎదురుచూస్తూ నిలబడిపోయాను. కాలువ ఎక్కడుందో, బండ ఎక్కడుందో నాకు తెలియదు. ఎంతసేపైనా ఆమె ఏమీ అనలేదు. ఒక తిట్టు తిడితే చాలు, ఒక్కటి, అనుకున్నాను.

చివరికి ఆ పిల్లే నా చెయ్యి లాగింది. చెప్పుతో నేల తడుముతూ ఒక అడుగు ముందుకు వేసి, ఆగి, నన్ను గట్టిగా కసిరింది. "ఏందా నిలబడడం? కాలవ వచ్చింది. బండ మధ్యలో కాలెయ్యి, చూసుకోని నడువు."